టీనేజ్ పిల్లలతో క్రూయిజ్: ఓడ పేరు కన్నా ముందు చూడవలసినవి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వస్తాను. మీరు గాజువాకలో ఉంటారు. మీ బాబుకు 15 ఏళ్ళు, వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తాడు. పాపకు 11 ఏళ్ళు, మే మూడో వారంలో 12 నిండుతాయి. వేసవి సెలవుల్లో నలుగురూ కలిసి మూడు నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్ళాలనుకుంటున్నారు. విశాఖ రేవులోనే ఎక్కే కార్డీలియా మేలా, సింగపూర్ వెళ్ళి పెద్ద ఓడ ఎక్కడం మేలా, ఏ ఓడలో అయితే పిల్లలకు విసుగు పుట్టకుండా ఉంటుంది అన్నది మీ సందేహం. బాబు ‘నేను రాను, ఇంట్లోనే ఉంటాను’ అంటున్నాడని కూడా రాశారు.

నేను కొన్నేళ్ళపాటు క్రూయిజ్ నౌకల్లో అతిథుల సేవా విభాగంలో పనిచేశాను. ఇప్పుడు విశాఖలోనే ఉంటూ కుటుంబాలకు ఇలాంటి ప్రయాణాలు కుదిర్చిపెడుతున్నాను. ఓడ ఎంత పెద్దది, అందులో ఎన్ని వాటర్ స్లైడ్లు ఉన్నాయి అన్నవి ఎక్కువగా బ్రోచరు చూసే పెద్దవాళ్ళను ఆకట్టుకునే విషయాలు. పదిహేనేళ్ళ కుర్రవాడికి మాత్రం ఆ ఓడలో తన ఈడువాళ్ళు నలుగురైదుగురు దొరికారా లేదా అన్నదే అసలు లెక్క. దొరికితే ముప్పై ఏళ్ళ నాటి ఓడలోనైనా వాడు భోజనానికి తప్ప మీకు కనిపించడు. దొరక్కపోతే ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ ఎక్కించినా రెండో రోజు మధ్యాహ్నానికి క్యాబిన్‌లో దుప్పటి కప్పుకుని ఫోను చూస్తూ పడుకుంటాడు. అందువల్ల ఓడ కన్నా ముందు తేదీని, తేదీ కన్నా ముందు ఆయా సంస్థలు పిల్లలను ఏ వయసు దగ్గర విడదీస్తాయన్నదాన్ని చూడమని నా సలహా.

ఓడల్లో పిల్లలు కలిసి ఆడుకోవడానికి సిబ్బంది నడిపే క్లబ్బులు ఉంటాయి. వాటిలో ఈ వయసుల విభజన ఒక్కో సంస్థలో ఒక్కో విధంగా ఉంటుంది. కార్నివాల్ సంస్థ 11 ఏళ్ళ వరకు చిన్నపిల్లల క్లబ్బులో ఉంచి, 12 నుంచి 14 వరకు ఒక బృందంగా, 15 నుంచి 17 వరకు మరొక బృందంగా చేస్తుంది. ఎమ్మెస్సీ సంస్థ కూడా 7–11, 12–14, 15–17 అని ఇంచుమించు అదే పద్ధతి పాటిస్తుంది. నార్వీజియన్ సంస్థలో 12 నిండిన పిల్లలు కూడా చిన్నపిల్లల క్లబ్బులోనే ఉంటారు. 13 నుంచి 17 వరకు అందరినీ ఒకే గదిలో కలుపుతారు. డిస్నీ ఓడల్లో 11–14 వారికి ఒక క్లబ్బు, 14–17 వారికి మరొక క్లబ్బు ఉంటాయి. సరిగ్గా 14 ఏళ్ళ పిల్లలు రెంటిలో దేన్నైనా ఎంచుకోవచ్చు. సాధారణంగా లెక్కలోకి తీసుకునేది టికెట్ కొన్ననాటి వయసు కాదు, ప్రయాణం నాటి వయసు. మీ పాప విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మే మొదటి వారంలో ప్రయాణిస్తే చాలా ఓడల్లో ఆమె ఆరేడేళ్ళ పిల్లలకు నడిపే క్లబ్బు తలుపు దగ్గరే నిలబడవలసి వస్తుంది. మే నెలాఖరులో అయితే అదే ఓడలో 12 ఏళ్ళ వారి బృందంలోకి వెళుతుంది.

ఆ బృందం 12 నుంచి 14 వరకైతే సంతోషించవలసిన మార్పే. 12 నుంచి 17 వరకు విడదీయకుండా కలిపే చోట మాత్రం నేను కాస్త వెనకాడతాను. ఇందులో భద్రత గురించిన అనుమానం పెద్దగా లేదు, క్లబ్బులో సిబ్బంది ఎప్పుడూ ఉంటారు. కానీ అప్పుడే 12 నిండిన అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదివే అబ్బాయిల మధ్య గొంతు విప్పదు; పది నిమిషాలు గోడవారగా నిలబడి తిరిగి వచ్చేస్తుంది. అన్నయ్య అదే క్లబ్బులో ఉంటే మరీ ఇబ్బంది, ఎందుకంటే చెల్లెలు చూస్తుండగా వాడూ స్వేచ్ఛగా ఉండలేడు, వాడు చూస్తుండగా ఆమె కూడా ఉండలేదు. మీ ఇద్దరు పిల్లలకూ వేర్వేరు క్లబ్బులు దొరికే ఓడ అయితేనే ఇద్దరికీ ఊపిరాడుతుంది. బుకింగ్ చేసే ఏజెంటును ‘పిల్లలకు ఏమేం ఉన్నాయి?’ అని అడిగితే స్లైడ్ల జాబితా చదువుతాడు. ‘ఆ తేదీన 12 ఏళ్ళ అమ్మాయి ఏ క్లబ్బులోకి వెళుతుంది, 15 ఏళ్ళ అబ్బాయి ఏ క్లబ్బులోకి వెళతాడు, రెండూ సాయంత్రం ఎన్ని గంటల నుంచి తెరిచి ఉంటాయి?’ అని అడగండి. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేని ఏజెంటు, సంస్థకు మెయిలు పెట్టి అయినా తెప్పించి ఇవ్వాలి.

టీనేజర్ల క్లబ్బు గురించి ఓడ ఎక్కకముందు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మొదటి రాత్రి భోజనాల తర్వాత జరిగే పరిచయ కార్యక్రమం అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ గంటా గంటన్నరలోనే ఎవరు ఎవరితో తిరగాలన్నది తేలిపోతుంది. లోపల ఎయిర్ హాకీ బల్ల చుట్టూ ఒక గుంపు, వీడియో గేముల తెర ముందు మరో గుంపు, మూలన సోఫాలో తలవంచుకుని కూర్చున్న ఇద్దరు ముగ్గురు, వారిని పేరుపేరునా పిలిచి ఆటలోకి లాగే సిబ్బంది — ప్రతి ప్రయాణంలోనూ మొదటి అరగంట ఇలాగే ఉంటుంది. ఆ తర్వాత గుంపులు కలిసిపోతాయి. రెండో రోజు వచ్చిన పిల్లవాడికి అప్పటికే ఏర్పడిన జట్లలో చోటు దొరకడం కష్టం. మూడు రాత్రుల ప్రయాణంలో ఆ కష్టం తీరేలోగా దిగే రోజు వచ్చేస్తుంది. కాబట్టి మొదటి రాత్రి నాటకం, మ్యాజిక్ షో, పెద్దవాళ్ళ పార్టీ, ఏది ఉన్నా సరే, బాబును ఆ పరిచయ కార్యక్రమానికి పంపండి. మీరు వెంట వెళ్ళి తలుపు దగ్గర నిలబడకండి. వాడికి వేరే ఊళ్ళవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడాలంటే బెరుకు అని మీరు రాశారు. ఆసియా జలాల్లో నడిచే ఓడల్లో సగం మంది పిల్లలు తమ తమ యాసలో అంతంత మాత్రంగా మాట్లాడేవారే; ఆ బెరుకు మొదటి ఆటతోనే పోతుంది. రానంటున్నవాడిని ఒప్పించడానికి మీరు చేయగలిగిన పని ఒకటుంది: ఓడ ఎంపిక చివరి దశకు వచ్చాక మిగిలిన రెండు ఓడల డెక్ ప్లాన్లు (ఏ అంతస్తులో ఏముందో చూపే పటాలు) వాడి ముందు పెట్టి, ఏది కావాలో వాడినే తేల్చమనండి.

ఇక తేదీ. క్లబ్బు ఎంత బాగున్నా అందులో పిల్లలు లేకపోతే ప్రయోజనం లేదు కాబట్టి, మన సెలవులు ఎప్పుడన్నదే కాకుండా ఓడ బయల్దేరే దేశంలో బడుల సెలవులు ఎప్పుడన్నది కూడా చూడాలి. సింగపూర్‌లో సంవత్సరం మధ్య బడి సెలవులు మే ఆఖరులో మొదలై జూన్ నెలంతా ఉంటాయి. మన రాష్ట్రంలో బడుల సెలవులు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం వరకు. ఈ రెండూ కలిసేది మే చివరి రోజుల్లోనూ, జూన్ మొదటి పది పన్నెండు రోజుల్లోనూ. మే మొదట్లో అక్కడి ఓడల్లో మనలాంటి భారతీయ కుటుంబాలే ఎక్కువగా కనిపిస్తాయి. అది తప్పు కాదు గానీ టీనేజర్ల సంఖ్య తక్కువగా ఉంటుంది, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువమంది చిన్నపిల్లలతోనే వస్తారు, టీనేజ్ పిల్లలను కోచింగ్ సెంటర్ల దగ్గర వదిలేస్తారు. జూన్ మొదటి వారంలో ఛార్జీలు కొంత ఎక్కువే ఉంటాయి, ఓడ కిక్కిరిసి ఉంటుంది, ఈతకొలను దగ్గర కుర్చీ దొరకదు. అయినా మీ పిల్లల వయసుకు ఆ రద్దీయే కావాలి.

ఇక్కడ మీకు ఒక చిక్కు ఎదురవుతుంది. జూన్ మొదటి రోజుల్లోనే ఇంటర్ తరగతులు మొదలవుతాయి; కార్పొరేట్ కాలేజీలైతే అంతవరకు కూడా ఆగవు. అందువల్ల మే చివరి శని ఆదివారాల్లో బయల్దేరి జూన్ మొదటి రెండు మూడు తేదీలకల్లా తిరిగి వచ్చే ప్రయాణం మీకు అన్నివిధాలా సరిపోతుంది: పాపకు 12 నిండి ఉంటాయి, సింగపూర్ పిల్లలకు సెలవులు మొదలై ఉంటాయి, బాబుకు పోయేది ఒకటి రెండు రోజుల క్లాసులు. ఎంపీసీలో మొదటి రెండు రోజులు పోయినంత మాత్రాన ఐఐటీ సీటు చేజారదు. కాలేజీవాళ్ళు మాత్రం చేజారుతుందన్నట్టే మాట్లాడతారు, దానికి సిద్ధపడి ఉండండి. దసరా సెలవుల్లో వెళ్ళడం కన్నా ఇదే నయం, ఎందుకంటే ఆ రోజుల్లో సింగపూర్‌లో బడులు నడుస్తుంటాయి.

మన రేవు సంగతికి వస్తాను. విశాఖ ఔటర్ హార్బర్‌లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. దానికన్నా ముందే, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ నౌక విశాఖ నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. 2025లోనూ చెన్నై నుంచి పుదుచ్చేరి, విశాఖలను కలుపుతూ వచ్చింది. అయితే ఈ నౌక ఏడాది పొడుగునా ఇక్కడ ఉండదు. వేసవిలో అది ముంబయి కేంద్రంగా గోవా, లక్షద్వీప్, కొచ్చి వైపు తిరుగుతూ, నైరుతి రుతుపవనాలతో పడమటి సముద్రం కల్లోలంగా మారే వేళకు తూర్పు తీరానికి తరలివస్తుంది. అంటే అది మన రేవుకు వచ్చేసరికి మన పిల్లలకు బడులు తెరుస్తారు. ఇంటి దగ్గర ఆటో ఎక్కి రేవులో దిగి ఓడ ఎక్కవచ్చన్న మీ ఆలోచన చక్కనిదే గానీ, వేసవి సెలవులకు అది కుదరడం అరుదు.

నౌక మంచిచెడ్డల విషయానికి వస్తే, ఎంప్రెస్ 1990లో రాయల్ కరీబియన్ సంస్థ కోసం కట్టినది. స్థూల టన్నేజీ (ఓడ లోపలి చోటును చెప్పే కొలత) సుమారు 48 వేలు, అంటే దాదాపు టైటానిక్ అంత. ఇప్పటి పెద్ద ఓడలతో పోలిస్తే చిన్నది. ఈతకొలను, ఎక్కే గోడ, పిల్లల గది, సాయంత్రం స్టేజి షోలు ఉంటాయి. భాష, భోజనం ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. జైన భోజనం కూడా దొరుకుతుంది. మొదటిసారి సముద్రయానం చేసే కుటుంబానికి, నానమ్మ తాతయ్యలతో వెళ్ళేవారికి, పదేళ్ళలోపు పిల్లలున్నవారికి నేను సంకోచం లేకుండా దీన్నే సూచిస్తాను. 15 ఏళ్ళ అబ్బాయికి మాత్రం రెండు రాత్రులు చాలు. మూడో రోజుకు ఓడలో వాడికి తెలియని మూల ఉండదు. పాప ఒక్కతే అయితే వేరే సంగతి. ప్రసంగవశాత్తు ఇంకొక మాట: మన ఊరి నుంచి అండమాన్‌కు వెళ్ళే ప్రయాణికుల ఓడను చాలామంది క్రూయిజ్ అనుకుంటారు. అది ఊరు చేర్చే రవాణా ఓడ. దాదాపు మూడు రోజుల ప్రయాణం, వినోదాలు లేవు, ఆ ఆశతో పిల్లలను ఎక్కించవద్దు.

సింగపూర్ వైపు చూస్తే, విశాఖ నుంచి స్కూట్ సంస్థ నేరు విమానం ఉంది కాబట్టి చెన్నై, హైదరాబాద్ తిరిగే పని లేదు. అక్కడ మూడు రకాల ఓడలు మీ పరిశీలనకు వస్తాయి. మొదటిది స్టార్‌డ్రీమ్ (2025 వరకు రిసార్ట్స్ వరల్డ్) సంస్థ వారి జెంటింగ్ డ్రీమ్. ఇది 2016లో కట్టిన, సుమారు లక్షా యాభై వేల టన్నుల ఓడ. 2022 జూన్‌లో సింగపూర్ కేంద్రంగా నడవడం మొదలుపెట్టింది. వాటర్ స్లైడ్లు, తాళ్ళ మీద నడిచే సాహస మార్గం, సముద్రం పైకి సాగే జిప్ లైన్ దీనికి పేరు తెచ్చాయి. భారతీయులు ఎక్కువగా ఎక్కే ఓడ కావడంతో శాకాహారం ఇబ్బంది లేదు. చిన్నపిల్లలకు క్లబ్బు ఉంది. అయితే టీనేజర్లు ఇక్కడ క్లబ్బు చుట్టూ కాక ఆటల డెక్ చుట్టూనే తిరుగుతారు. స్నేహాలు తనంతట తాను చేసుకోగల చొరవ ఉన్న పిల్లవాడికి ఇది సరిపోతుంది. మీ బాబు అలాంటివాడు కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

రెండోది రాయల్ కరీబియన్. ఈ సంస్థ సింగపూర్‌లో ఒకే ఓడను శాశ్వతంగా ఉంచదు. స్పెక్ట్రమ్, యాంథెమ్ వంటి క్వాంటమ్ తరగతి ఓడలు ఇటీవలి సంవత్సరాల్లో అక్కడి నుంచి నడిచాయి. సుమారు లక్షా డెబ్బై వేల టన్నుల ఈ ఓడల్లో ఢీకొట్టే కార్లు, గాలిలో తేలే ఐఫ్లై, అలల మీద నిలబడే ఫ్లోరైడర్ ఉంటాయి. టీనేజర్లకు నేను మొదట సూచించేవి ఇవే. కానీ ఒక్కో ఏడాది వేసవి వచ్చేసరికి ఓడ వేరే సముద్రాలకు వెళ్ళిపోతుంది, కనుక మీరు అనుకున్న తేదీకి అక్కడ ఏ ఓడ ఉందో, అసలు ఉందో లేదో చూసుకుని మాట్లాడాలి. ఫ్లోరైడర్ మీద బోర్డు వేసుకుని పడుకుని జారడానికి 132 సెంటీమీటర్లు, నిలబడి జారడానికి 147 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. వరుసలో అరగంట నిలబడ్డాక కొలిచే కర్ర దగ్గర వెనక్కి పంపితే 12 ఏళ్ళ పిల్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో చూసినవారికే తెలుస్తుంది. పాపను ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి, ఫలితం ఆమెకు ముందే చెప్పండి.

మూడోది, 2026 మార్చి నుంచి సింగపూర్ కేంద్రంగా నడుపుతామని డిస్నీ సంస్థ ప్రకటించిన డిస్నీ అడ్వెంచర్. సుమారు రెండు లక్షల ఎనిమిది వేల టన్నుల ఈ ఓడ మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలకు రూపొందినది. దారిలో ఏ రేవులోనూ ఆగదు, సముద్రంలో తిరిగి వెనక్కి వస్తుంది. డిస్నీ అనగానే బాబు ‘చిన్నపిల్లల ఓడ’ అని ముఖం చిట్లించవచ్చు గానీ, 250 మీటర్ల రోలర్ కోస్టర్, మార్వెల్ పాత్రల విభాగం వాడి వయసువారి కోసమే. నేను ముందు చెప్పిన వయసుల విభజన మీ ఇద్దరు పిల్లలకూ సరిగ్గా కుదిరేది కూడా ఇక్కడే. ఖర్చు మిగతా రెంటికన్నా ఎక్కువ పడుతుంది. క్లబ్బులు, తేదీ, వయసు మూడూ కలిపి చూస్తే మీ కుటుంబానికి నా ఓటు దీనికే. బడ్జెట్ అందకపోతే, ఆ తేదీకి ఉన్నట్లయితే, రాయల్ కరీబియన్ ఓడ.

ఓడ దిగి ఊళ్ళు చూడాలన్న కోరిక మీకు బలంగా ఉంటే మాత్రం డిస్నీ ఓడ నిరాశపరుస్తుంది. ఆ లెక్కన మలేసియాలోని పెనాంగ్‌లో ఆగే ప్రయాణం చూసుకోండి. అక్కడ ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ రేవు జార్జ్ టౌన్ పట్టణంలోనే ఉంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కిన పాత వీధుల్లో గోడబొమ్మలు చూసుకుంటూ, వేడివేడి నూడిల్స్ తింటూ పిల్లలు నడిచి తిరగవచ్చు. పోర్ట్ క్లాంగ్ అలా కాదు. అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు బస్సులో గంటకు పైగా పడుతుంది. బాటు గుహల 272 మెట్లూ ఎండలో ఎక్కి దిగి మళ్ళీ బస్సెక్కేసరికి రోజు అయిపోతుంది. సుబ్రహ్మణ్య స్వామి దర్శనం మీకు ముఖ్యమైతే వెళ్ళండి. పిల్లల సరదా కోసమైతే, ఆ రోజు ఓడ ఖాళీగా ఉంటుంది, స్లైడ్ల దగ్గర వరుసలుండవు, ఓడలోనే ఉండిపోండి.

క్యాబిన్ విషయంలో మనవాళ్ళు డబ్బు ఆదా చేద్దామని నలుగురినీ ఒకే గదిలో ఇరికిస్తారు. ఛార్జీ లెక్క కూడా అలాగే ఊరిస్తుంది: మొదటి ఇద్దరికీ పూర్తి ధర, మూడో నాలుగో మనిషికి తక్కువ ధర. అయితే ఆ గది విస్తీర్ణం సుమారు 160 నుంచి 200 చదరపు అడుగులు. మీరు రాత్రి భోజనానికి వెళ్ళివచ్చేసరికి గది సిబ్బంది గోడలోంచో పైకప్పులోంచో బెర్తులు దించి నిచ్చెన తగిలించి ఉంచుతారు. ఆ తర్వాత మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటే మిగులుతుంది. రైల్లో అప్పర్ బెర్తు మీద పడుకున్నవాడు దిగాలంటే కింద పడుకున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నట్టే ఇక్కడా ఉంటుంది. ఉన్నది ఒక్కటే బాత్రూము. పదిహేనేళ్ళ అబ్బాయి, పన్నెండేళ్ళు నిండిన అమ్మాయి, మీరిద్దరు పొద్దున్నే ఒకేసారి తయారవ్వాలంటే ఇంట్లో పడే గొడవలన్నీ అక్కడా పడతాయి. అందుకే బాల్కనీ ఉన్న ఒక్క గదికి పెట్టే డబ్బుతో కిటికీ కూడా లేని రెండు లోపలి గదులు, మధ్యలో తలుపు ఉన్నవి, తీసుకోవడం మేలని నేను గట్టిగా చెబుతాను. ఒక్కో గదిలో కనీసం ఒక పెద్ద మనిషి పేరు ఉండాలని సంస్థలు నిబంధన పెడతాయి, తల్లిదండ్రుల గది ఆనుకుని ఉంటే సడలిస్తాయి. బుకింగ్ కోసం చెరో గదిలో ఒక పెద్దవారు, ఒక పిల్లవారు అని రాయించి, లోపలికి వెళ్ళాక సర్దుకోవచ్చు. అటువంటి గదులు తక్కువ ఉంటాయి కనుక ముందుగానే అయిపోతాయి.

ఫోన్ల సంగతి విడిగా రాయాలి, ఎందుకంటే టీనేజ్ పిల్లలున్న కుటుంబాలకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే. ఓడ రేవు దాటగానే ఫోన్లు ఓడలోని ఉపగ్రహ మొబైల్ నెట్‌వర్క్‌ను వాటంతటవే పట్టుకుంటాయి. సాధారణ రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు. బాబు రాత్రి నాలుగు రీల్స్ చూస్తే నెల తర్వాత వచ్చే బిల్లు ప్రయాణ ఖర్చులో భాగమైపోతుంది. ఓడ ఎక్కిన వెంటనే నాలుగు ఫోన్లనూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ తర్వాత ఓడ వైఫై మాత్రమే కలపండి. చాలా సంస్థల యాప్‌లో ఇంటర్నెట్ ప్యాకు కొనకుండానే, లేదా కొద్ది రుసుముతో, ఓడలోపల ఒకరికొకరు సందేశాలు పంపుకునే వీలుంటుంది. ‘భోజనానికి రా’ అని పిలవడానికి అది చాలు. పిల్లలకు ఇంటర్నెట్ ప్యాకు కొనకపోతే క్లబ్బులకు వెళ్ళే అవకాశం పెరుగుతుందని నేను గమనించాను, కానీ పదిహేనేళ్ళవాడితో ఆ యుద్ధం చేయాలా వద్దా అన్నది మీ ఇంటి వ్యవహారం.

అలాగే ఓడలో నగదు నడవదు, అంతా గది తాళంగా పనిచేసే కార్డు మీదే. వీడియో గేముల గదిలోనూ ఆ కార్డే గీస్తారు. మొదటి రోజే అతిథుల కౌంటరు దగ్గరకు వెళ్ళి పిల్లల కార్డులకు పరిమితి పెట్టించండి, లేదా కొనుగోళ్ళు పూర్తిగా ఆపించండి. టికెట్ ధరలో ప్రధాన భోజనశాల, బఫే, తాగునీరు, కాఫీ టీలు, షోలు, క్లబ్బులు సాధారణంగా ఉంటాయి. కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై ఉండవు. మనిషికి రోజుకు ఇంత అని సిబ్బంది సేవా రుసుము విడిగా పడుతుంది, పిల్లలకూ పడుతుంది. ఇక్కడి ఏజెంటు విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్‌ను (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే పన్నును) మీరు ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ తీసుకోవడం మరవకండి.

పిల్లలు ఓడలో ఒంటరిగా తిరగవచ్చా అని భయపడుతూ అడిగారు. తిరగవచ్చు, కొన్ని కట్టుబాట్లతో. మైనర్లు రాత్రి ఒక వేళ దాటాక పెద్దలు లేకుండా బయట ఉండకూడదన్న నియమం ఓడల్లో ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో అది రాత్రి ఒంటిగంట. మీరు మీ ఇంటి వేళను పదకొండుకు పెట్టుకోండి. వేరేవాళ్ళ క్యాబిన్లలోకి వెళ్ళకూడదు, ఎవరినీ మన క్యాబిన్‌లోకి పిలవకూడదు, బాల్కనీ కమ్మీల మీద ఎక్కకూడదు అన్న మూడు మాటలు ఇద్దరికీ ఓడ ఎక్కకముందే స్పష్టంగా చెప్పండి. పాప క్లబ్బు నుంచి తనంతట తాను బయటికి రావడానికి మీ అనుమతి రాసివ్వాలా వద్దా అని మొదటి రోజు అడుగుతారు. ఈ వయసుకు ఇవ్వవచ్చు. బయల్దేరేముందు జరిగే భద్రతా కసరత్తు అందరికీ తప్పనిసరి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగిన తర్వాత ఆ నియమం మరింత బిగిసింది. బాబు, పాప ఇద్దరికీ ప్రమాద సమయంలో చేరవలసిన తమ సమావేశ స్థలం సంఖ్య కంఠతా వచ్చేలా చూడండి, ఎందుకంటే అవసరం పడిన వేళ వాళ్ళు మీ పక్కన కాక క్లబ్బులో ఉండవచ్చు.

కడుపులో తిప్పడం గురించి: ఈ బాధ పెద్దవాళ్ళకన్నా పదేళ్ళు అటూ ఇటూ ఉన్న పిల్లలకు ఎక్కువ. అరకు ఘాట్ రోడ్డులో పాపకు వాంతులవుతాయా అన్నది గుర్తు చేసుకోండి. అవుతుంటే జాగ్రత్త పడాలి. మలక్కా జలసంధికి ఒక పక్క సుమత్రా, మరో పక్క మలేసియా అడ్డుగా ఉండటంతో అక్కడ సముద్రం చాలావరకు శాంతంగా ఉంటుంది. జులైలో బంగాళాఖాతంలో తిరిగే చిన్న ఓడతో దానికి పోలికే లేదు. అయినా గదిని ఓడ నడుమ భాగంలో, కింది డెక్‌లలో తీసుకుంటే కదలిక తక్కువగా తెలుస్తుంది, ధరా తక్కువే. మాత్ర ఏది, ఎంత అన్నది మీ పిల్లల డాక్టరును అడిగి వెంట తీసుకెళ్ళండి. ఓడలో వైద్యుడుంటాడు గానీ ఆ బిల్లు డాలర్లలో వస్తుంది, కనుక క్రూయిజ్‌కు కూడా వర్తించే ప్రయాణ బీమా చేయించండి. పాప వయసును బట్టి శానిటరీ ప్యాడ్లు కూడా సంచిలో ఉంచండి; ఓడ దుకాణంలో దొరికేవి ఖరీదెక్కువ.

చివరగా కాగితాలు, ఎక్కువ ప్రయాణాలు ఆగిపోయేది వీటి దగ్గరే. పిల్లల పాస్‌పోర్టు గడువు సాధారణంగా 5 ఏళ్ళే. బాబుది పదేళ్ళ వయసులో తీయించి ఉంటే ఈపాటికి తీరిపోయి ఉంటుంది లేదా తీరబోతుంటుంది. తిరిగి వచ్చే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 15 ఏళ్ళు నిండినవారు పదేళ్ళ పాస్‌పోర్టుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి వాడికి అదే తీయించండి. మన పేర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా మరోచోట ఉండటం మామూలే. ఓడ టికెట్, విమాన టికెట్, వీసా మూడింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయించండి. సింగపూర్ నుంచి బయల్దేరి మళ్ళీ సింగపూర్‌కే వస్తారు కాబట్టి వీసా ఒకసారి ప్రవేశానికి మాత్రమే కాకుండా పలుమార్లు ప్రవేశానికి ఇచ్చినదేనా అన్నది చూసుకోండి. ఓడ మధ్యలో ఆగే దేశాల నిబంధనలు తరచూ మారుతుంటాయి, అందువల్ల మలేసియా, థాయ్‌లాండ్ వైపు వెళ్ళే ప్రయాణమైతే బుకింగ్ నాడొకసారి, బయల్దేరే ముందు మరోసారి సరిచూసుకోవాలి. విమానం ఓడ బయల్దేరే రోజుకు కాక ముందు రోజుకే తీసుకోండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. మీరు ఇప్పుడే చేయవలసిన పని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో బాబుకు స్లాటు తీసుకోవడం. పరీక్షల హడావుడి మొదలయ్యాక వాడు దొరకడు, పాస్‌పోర్టు సంఖ్య చేతిలో ఉంటే వీసా దరఖాస్తు, బుకింగ్ వివరాలు అన్నీ సాఫీగా సాగుతాయి.